పాల లారీ ఇంజనుకు ఆయిలు డబ్బా: బిగించటం, చూసుకోవటం

(మార్కాపురంలో పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో రవాణా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఇంతవరకు మేత గురించి, చూడి గేదెల పోషణ గురించి, వెన్న శాతం గురించి పెద్దలు చెప్పగా విన్నారు. మేము మాట్లాడబోయేది లారీ ఇంజను గురించి. పాల సమావేశంలో ఇంజను ముచ్చట ఎందుకని ముందు వరుసలో ఒకరిద్దరు నవ్వుకుంటున్నారు. వారికి ఒక్కటే మనవి చేస్తున్నాము. మీ గేదె ఇచ్చిన పాలకు మీ చేతికి వచ్చే డబ్బులో నుంచి మొదట పోయేది రవాణా ఖర్చు. తర్లుపాడు దగ్గరో, కొనకనమిట్ల దగ్గరో వైశాఖ మాసపు ఎండలో బండి రెండు గంటలు ఆగిపోతే, క్యాన్లలో చల్లబరచని పాలు శీతలీకరణ కేంద్రం చేరే సరికి కాచి చూసే పరీక్షలో విరుగుతాయి. ఆ నష్టం లారీది కాదు, పాలు పోసినవాళ్లది. కాబట్టి బానెట్టు కింద ఏమి జరుగుతున్నదో పాల సంఘాల వారు కొంతైనా తెలుసుకోవాలి.

మేము ఈ ఆయిలు డబ్బా సంగతిలోకి దిగింది ఇంజను మీద ప్రేమతో కాదు, ఒక ఫిర్యాదు వల్ల. మా పాత బండ్లలో ఒకటి తెల్లవారుజామున ఒక సంఘం అరుగు పక్కన ఆగి, ఇంజను ఆపకుండానే క్యాన్లు ఎక్కించుకునేది. దాని కింద ఒక గొట్టం నుంచి పొగ వంటిది సన్నగా వస్తూ, నేల మీద చుక్క చుక్క ఆయిలు పడేది. పాలు పోసే అమ్మ ఒకామె, "ఏమయ్యా, మా పాలకు గడ్డి వాసన వస్తే తిప్పి పంపుతారు, మీ బండి వాసన పడితే ఎవరిని అడగాలి?" అని నిలదీసింది. ఆమె అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. పాలలో ఉన్న కొవ్వు చుట్టుపక్కల వాసనను ఇట్టే పట్టేస్తుంది. కిరోసిను డబ్బా పక్కన పాలు పెట్టరాదని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. మూత తెరిచిన క్యాన్ల పక్కన ఆ గొట్టం పొగలు కక్కుతుంటే మేము మాత్రం ఏమి జవాబు చెప్పగలం?

ఆ గొట్టాన్ని బ్రీదరు పైపు అంటారు. ఇంజను శ్వాస గొట్టం అనుకోండి. ఇంజనులో పిస్టను పైన డీజిలు మండినప్పుడు పుట్టే ఒత్తిడి పిస్టనును కిందికి నెడుతుంది. రింగులు ఎంత బిగువుగా ఉన్నా ఆ వాయువులో కొంత వాటి పక్కల నుంచి జారి కింద ఆయిలు ఉండే గదిలోకి దిగుతుంది. కొత్త ఇంజనులోనూ ఇది కొంత ఉంటుంది. రింగులు, లైనర్లు అరిగే కొద్దీ పెరుగుతుంది. మన మెకానిక్కులు దీన్నే బ్యాక్ కంప్రెషను అంటారు. "బండి బ్యాక్ కంప్రెషను కొడుతున్నది, బోరుకు వచ్చింది" అనే మాట మీలో లారీలు, ట్రాక్టర్లు ఉన్నవారు వినే ఉంటారు. కింద క్రాంకు గిరగిర తిరుగుతూ వేడి ఆయిలును కవ్వం మజ్జిగను చిమ్మినట్లు చిమ్ముతుంది. ఆ తుంపర, ఆవిరి, పైనుంచి జారిన పొగ అన్నీ కలిసి బయటికి దారి వెతుక్కుంటాయి. దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్లలో నుంచి ఆయిలును బయటికి నెడతాయి. ఆ దారి కోసమే బ్రీదరు పెట్టారు.

పాత ఇంజన్లలో ఆ గొట్టం నేరుగా రోడ్డు మీదికి తెరిచి ఉండేది. తరువాత వచ్చిన టర్బో ఇంజన్లు చాలావాటిలో దాన్ని తిప్పి, గాలి ఫిల్టరుకూ టర్బోకూ మధ్య పైపులో కలిపారు. గాలి చెడకూడదని చేసిన ఏర్పాటు ఇది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం పెట్రోలు కార్లకు ఈ తరహా ఏర్పాటును 1961లోనే తప్పనిసరి చేసింది. మంచి పనే. కానీ దానికొక చిక్కు ఉంది. ఆ ఆయిలు తుంపరంతా మళ్లీ ఇంజనే పీల్చుకుంటుంది. టర్బోలో, ఇంటర్‌కూలరులో, గాలి పైపుల లోపల జిడ్డుగా పేరుకుంటుంది. సైలెన్సరు పొగను కొంత తిరిగి లోపలికి పంపే ఏర్పాటు ఉన్న ఇంజన్లలో ఆ మసి ఈ జిడ్డుతో కలిసి తారులాగా గట్టిపడుతుంది. బండి లాగదు, నల్లపొగ వస్తుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది.

ఇప్పుడు డబ్బా సంగతి. దీన్ని క్యాచ్ క్యాను అంటారు. మన దగ్గర క్యాను అంటే నలభై లీటర్ల పాల క్యానే గుర్తుకు వస్తుంది గనుక మేము దీన్ని ఆయిలు డబ్బా అనే పిలుస్తున్నాము. బ్రీదరు నుంచి వచ్చే పొగను ముందు ఈ డబ్బాలోకి పంపి, ఆయిలును అక్కడ దించి, మిగిలిన గాలిని ముందుకు వదలటమే దీని పని. పాలు కాచే గిన్నె మీద మూత పెడితే ఆవిరి తగిలి చుక్కలు కట్టి జారుతుంది కదా, సూత్రం అదే. డబ్బా లోపల అడ్డు రేకులు, స్టీలు జాలీ ఉంటాయి. పొగ వాటిని తప్పించుకుంటూ మలుపులు తిరగాలి. గాలి తేలిక గనుక మలుపు తిరిగిపోతుంది. ఆయిలు తుంపర బరువు గనుక తిరగలేక రేకుకు కొట్టుకుని, చుక్కగా మారి అడుగుకు జారుతుంది. అడుగున ఒక కుళాయి ఉంటుంది. లోపల ఖాళీగా ఉండే డబ్బాలు కూడా అమ్ముతున్నారు. అవి చవక. వాటిలో తుంపర ఇటు వచ్చి అటు పోతుంది. కొనేటప్పుడు మూత తీయించి లోపల చూడండి.

పాల మనుషులకు సంతోషం కలిగించే విషయం ఒకటి ఉంది. వెన్న తీసే యంత్రాన్ని స్వీడను దేశపు గుస్తాఫ్ ద లావల్ 1878లో తయారు చేశాడు. గిరగిర తిప్పితే బరువైన పాలు అంచుకు పోయి, తేలికైన మీగడ నడుమకు చేరుతుంది. ఆయన పెట్టిన కంపెనీయే నేటి ఆల్ఫా లావల్. పాల ప్లాంట్లలో ఆ పేరు మీరు చూసే ఉంటారు. అదే కంపెనీ మరొక స్వీడను కంపెనీ హాల్డెక్సుతో కలిసి, అదే సూత్రంతో పెద్ద లారీల బ్రీదరు పొగ నుంచి ఆయిలును వేరు చేసే చిన్న యంత్రాన్ని ఆల్ఫ్‌డెక్స్ పేరుతో తయారు చేసింది. అంటే లారీలోని ఆ భాగం మన మీగడ యంత్రానికి మనుమడు వరుస అన్నమాట. మన చిన్న బండ్లకు అంత యంత్రం అవసరం లేదు. జాలీ ఉన్న డబ్బా చాలు.

డబ్బా కొనక ముందు మూడు సంగతులు చూసుకోవాలి. డిప్ స్టిక్కు తీసి ఆయిలు పై గీత దాటి ఉన్నదేమో చూడండి. "ఇంకొంచెం ఉంటే మంచిదేలే" అని ఎక్కువ పోసే అలవాటు మన డ్రైవర్లలో చాలామందికి ఉంది. ఎక్కువైన ఆయిలును క్రాంకు చిమ్మి బ్రీదరులోకి పంపుతుంది. ఆ ఇంజనుకు డబ్బా అక్కరలేదు, కొలత ప్రకారం ఆయిలు పోస్తే చాలు. రెండోది గాలి ఫిల్టరు. అది దుమ్ముతో మూసుకుపోతే ఇంజను గాలి కోసం బలంగా పీల్చి, ఆ పీల్పుతో బ్రీదరులోని ఆయిలును కూడా లాగుతుంది. మూడోది బ్యాక్ కంప్రెషను ఎంత ఉన్నదో చూడటం. ఇంజను వేడెక్కాక నిదాన వేగంలో ఉంచి, ఆయిలు పోసే మూతను బిగించకుండా తిరగేసి రంధ్రం మీద పెట్టండి. కొంచెం కదిలితే ఫరవాలేదు. ఎగిరి పడితే రింగులు అయిపోయాయని అనుమానించాలి. ఇది మోటు పరీక్షే, కానీ దారిలో ఎవరైనా చేయగలరు.

ఇక్కడ స్పష్టంగా ఒక మాట చెప్పాలి. డబ్బా అరిగిన రింగులను బాగు చేయదు. జ్వరానికి థర్మామీటరు మందు కాదు గదా. బోరుకు వచ్చిన ఇంజనుకు డబ్బా బిగించి నడుపుకుంటామంటే నాలుగు రోజులు జబ్బును దాచిపెట్టినట్లే.

బిగించే చోటు ముఖ్యం. డబ్బాను ఇంజనుకే బిగించవద్దు. అదురుకు బ్రాకెట్టు పగులుతుంది. చాసీకి గానీ క్యాబిను గోడకు గానీ గట్టి రేకు బ్రాకెట్టుతో, స్ప్రింగు వాషర్లు వేసి బిగించాలి. సైలెన్సరు పైపుకు, టర్బోకు దూరంగా, గాలి తగిలే చోట ఉండాలి. డబ్బా చల్లగా ఉంటేనే ఆవిరి చుక్క కడుతుంది. కాలే ఇనుము పక్కన ఆయిలు డబ్బా పెట్టటం ప్రమాదం కూడాను. అన్నిటికన్నా ముఖ్యం, డ్రైవరు వంగి చేయి పెట్టి కుళాయి తిప్పగలిగే చోట ఉండాలి. చేయి పట్టని మూలలో బిగిస్తే ఎవరూ దాని జోలికి పోరు. ఇది మేము మొదటి బండిలోనే నేర్చుకున్నాము.

హోసు పైపు ఆయిలుకు, వేడికి తట్టుకునే రకం కావాలి. తోటకు నీళ్లు పెట్టే గొట్టం, గ్యాసు పొయ్యి గొట్టం వంటివి పనికిరావు. అవి నెల తిరగక ముందే మెత్తబడి, పీల్పుకు లోపలికి చప్పిడిపోతాయి. లావు కంపెనీ బ్రీదరు పైపు ఎంత ఉంటే అంత ఉండాలి, ఒక్క పిసరు కూడా తగ్గరాదు. డబ్బా మూతుల లోపలి రంధ్రం కూడా అంతే ఉండాలి. బయటికి లావుగా కనిపించి లోపల సన్నగా ఉన్న మూతులు మాకు తగిలాయి. పైపు ఇంజను నుంచి డబ్బాకు ఒకే వాలుగా పోవాలి. మధ్యలో ఊయలలాగా వేలాడితే ఆ వంపులో నీరు, ఆయిలు నిలిచి దారి మూస్తాయి. రెండు చివరలా స్టీలు క్లాంపులు వేయాలి. బైండింగు తీగ చుట్టి వదిలేయటం మన వైపు ఒక జబ్బు.

డబ్బాలో జాలీకి బదులు గిన్నెలు తోమే స్టీలు పీచు కూర్చి పెట్టే మేస్త్రీలు ఉన్నారు. దయచేసి ఒప్పుకోవద్దు. దాని పోగు ఒక్కటి ఊడి టర్బోలోకి పోయినా, అంత వేగంగా తిరిగే టర్బో రెక్కలు దెబ్బతింటాయి. అల్లిక జాలీ వేసి, బయటికి పోయే మూతి దగ్గర కదలకుండా బిగించిన తెర ఉండాలి.

పాత తెరిచిన బ్రీదరు అయితే డబ్బా నుంచి బయటికి పోయే గొట్టాన్ని పాలు ఎక్కించే వైపు కాకుండా అవతలి వైపుకు, చాసీ కిందికి దింపండి. బ్రీదరు పొగ గాలి పైపులో కలిసే ఇంజను అయితే డబ్బా నుంచి వచ్చే గొట్టాన్ని తిరిగి అదే చోట కలపాలి. అక్కడ ఒత్తిడిని అదుపు చేసే వాల్వు ఉంటే దాన్ని తీయకూడదు.

ఈ చివరి మాట దగ్గర మేము దెబ్బ తిన్నాము. ఆ కథ చెప్పి తీరాలి. మా బండి ఒకదానికి డబ్బా బిగించిన మేస్త్రీ, పొగను మళ్లీ ఇంజనుకు పంపటం దేనికని, డబ్బా గొట్టాన్ని బయటికి వదిలేశాడు. గాలి పైపుకు ఉన్న మూతిని ఒక గుడ్డ పీలిక కుక్కి కట్టాడు. ఆ బండి మార్కాపురం చుట్టుపక్కల పలకల గనుల దారిలో తిరిగేది. ఆ దారి దుమ్ము మీకు తెలుసు. పలక రాయి దుమ్ములో ఇసుక జాతి గట్టి పొడి ఉంటుంది. గనుల్లో పనిచేసేవారి ఊపిరితిత్తులకు అది ఎంత చేటో, ఇంజను లైనరుకూ అంత చేటు. గుడ్డ ఎప్పుడు ఊడిందో ఎవరూ చూడలేదు. ఫిల్టరును దాటి, ఆ మూతి గుండా దుమ్ము నేరుగా టర్బోలోకి, అక్కడి నుంచి సిలిండర్లలోకి పోయింది. కొన్ని నెలలకే బండి ఆయిలు తాగటం మొదలుపెట్టింది. విప్పి చూస్తే లైనర్లు సానరాయి మీద రుద్దినట్లు ఉన్నాయి. రింగులు, పిస్టన్లు, లైనర్లు అన్నీ మార్చవలసి వచ్చింది. ఇంజనును కాపాడాలని బిగించిన డబ్బాతోనే ఇంజను పోయింది. మేస్త్రీని అనటం తేలిక. బిగించిన తరువాత మాలో ఒక్కరమైనా బానెట్టు ఎత్తి చూడలేదు. అది మా తప్పే.

అప్పటినుంచి బిగించిన ప్రతి బండికీ మేము ఒక పరీక్ష చేస్తున్నాము. ఆయిలు పోసే పాత మూత ఒకటి తీసుకుని, దానికి రంధ్రం చేసి చిన్న మూతి అతికించాము. దానికి పారదర్శకంగా ఉండే సన్న గొట్టం తగిలించి, గొట్టాన్ని ఇంగ్లీషు యు అక్షరంలాగా వంచి ఒక చెక్కకు కట్టి, సగం వరకు నీళ్లు పోస్తాము. ఇంజను నడుస్తుండగా రెండు వైపులా నీటి మట్టం తేడా ఎంతో స్కేలుతో కొలుస్తాము. డబ్బా బిగించక ముందు ఒకసారి, బిగించిన తరువాత అదే వేగంలో మరొకసారి. ఒత్తిడి మునుపటికన్నా పెరిగితే డబ్బా దారి ఇరుకు చేస్తున్నట్లే. దాన్ని తీసి పెద్దది వేయాలి. ఈ సాధనానికి అయ్యే ఖర్చు పెద్దగా ఏమీ లేదు. లాక్టోమీటరు పట్టుకోవటం వచ్చిన కార్యదర్శి ఎవరైనా దీన్ని చదవగలరు.

ఇక రోజువారీ సంరక్షణ. వారానికి ఒకసారి, వానకాలంలోనూ చలికాలంలోనూ వారానికి రెండుసార్లు డబ్బా ఖాళీ చేయాలి. ఇంజను ఆపి, కొంచెం చల్లారాక, కింద ఒక సీసా పెట్టి కుళాయి తిప్పాలి. ఎంత వచ్చిందో, ఏ రంగులో ఉన్నదో పుస్తకంలో రాయాలి. పాల సేకరణ పుస్తకం రాసినంత శ్రద్ధగా రాయాలని మా మనవి. ఎందుకంటే అసలు లాభం ఆ అంకెల్లోనే ఉంది. వారం వారం టీ గ్లాసులో సగం వచ్చే బండికి ఒక నెలలో రెండు గ్లాసులు రావటం మొదలైతే, ఇంజను మీకు ముందుగానే ఉత్తరం రాసినట్లు. దారిలో ఆగిపోక ముందే, పాలు తక్కువగా ఉండే రోజుల్లో షెడ్డుకు పంపుకోవచ్చు.

ఒక్కోసారి డబ్బాలో మీగడ వంటిది వస్తుంది. తెల్లగా, కొంచెం గోధుమ రంగుతో, చిక్కగా. మొదటిసారి చూసిన మా క్లీనరు ఎవరో పాలు పోశారనుకున్నాడు. అది నీరు, ఆయిలు కలిసి చిలికినది. ఒక లీటరు డీజిలు మండితే రమారమి ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చాలావరకు సైలెన్సరు గుండా పోతుంది, కొంత రింగుల పక్కన కిందికి దిగుతుంది. చలికాలపు ఉదయాన రెండు కిలోమీటర్లకు ఒక ఊరిలో ఆగుతూ పోయే పాల బండికి ఇంజను సరిగా వేడెక్కదు గనుక ఆ ఆవిరి డబ్బాలో నీరవుతుంది. అట్లాగని నిర్లక్ష్యం చేయవద్దు. మండు వేసవిలో కూడా తెల్లగా వస్తూ, రేడియేటరులో నీరు కూడా తగ్గుతుంటే, హెడ్ గ్యాస్కెట్టు పోయి నీరు ఆయిలులో కలుస్తున్నదని అనుమానించాలి. అప్పుడు బండిని ఇంకొక ట్రిప్పు కూడా పంపరాదు.

ఆయిలు మార్చిన ప్రతిసారీ డబ్బా విప్పి, జాలీని డీజిలుతో కడిగి ఆరబెట్టాలి. పైపులను చేత్తో నొక్కి చూడాలి. గట్టిపడినా, ఉబ్బినా మార్చాలి. కుళాయి అదురుకు తనంతట తాను తెరుచుకోకుండా పిన్ను గానీ మూత గానీ వేయాలి.

డబ్బా ఖాళీ చేయకపోతే ఏమవుతుందో నల్లమల ఘాటులో మాకు తెలిసివచ్చింది. వానలు లేని ఒక ఏడు, మన పడమటి మండలాలలో మేత కరువై, నంద్యాల వైపు నుంచి వరిగడ్డి తెప్పిస్తున్నాము. గాజులపల్లె దాటి కొండ ఎక్కుతున్న గడ్డి లారీ డబ్బాను మూడు వారాలుగా ఎవరూ ఖాళీ చేయలేదు. ఎక్కుడు దారి, నిండు బరువు, ఇంజను మీద ఒత్తిడి. పైగా బండి వాలు మీద ఉండటం వల్ల డబ్బాలో ఆయిలు బయటికి పోయే మూతి వైపు ఒరిగింది. ఒక్కసారిగా ఆ ఆయిలును ఇంజను గుటుక్కున పీల్చుకుంది. డీజిలు ఇంజనుకు ఆయిలు కూడా ఇంధనమే. డ్రైవరు కాలు తీసినా వేగం తగ్గలేదు. తాళం తిప్పి తీసినా ఇంజను ఆగలేదు. అరుస్తూ తెల్లటి పొగ కక్కుతున్నది. వెనక నిండా ఎండుగడ్డి, చుట్టూ అడవి.

ఆ డ్రైవరు పాతవాడు గనుక బెదరలేదు. బ్రేకు బిగపట్టి, హ్యాండు బ్రేకు కూడా లాగి, క్లచ్చి తొక్కి టాపు గేరు వేసి, క్లచ్చిని ఒక్కసారిగా వదిలాడు. బండి ఒక్క కుదుపు కుదిపి, ఇంజను ఊపిరాడక ఆగిపోయింది. క్లీనరు దూకి చక్రాల కింద రాళ్లు వేశాడు. ఇద్దరూ చెమటలు కారుతూ అరగంట రోడ్డు పక్కన కూర్చున్నారట. గడ్డిని మరో లారీలోకి మార్చి తెచ్చేసరికి మరునాడు అయింది.

కాబట్టి మీ సంఘం బండి డ్రైవరుకు ఈ ఉపాయం ముందే చెప్పి ఉంచండి. తాళం తీసినా ఇంజను ఆగకపోతే పైన చెప్పినట్లు బ్రేకు మీద టాపు గేరులో ఆపాలి. అది కుదరకపోతే గాలి పోయే దారిని చెక్కతో గానీ మందపాటి పలకతో గానీ మూయాలి. చేయి అడ్డం పెట్టరాదు, గుడ్డ పెట్టరాదు. పీల్పు బలానికి అవి లోపలికి పోతాయి. కార్బన్ డయాక్సైడు సిలిండరు ఉంటే గాలి మూతిలోకి వదలవచ్చు. ఏదీ వీలుకాకపోతే బండి దిగి దూరంగా పోవటమే. ఇంజను పోతే కొనుక్కోవచ్చు.

డబ్బాలో పట్టిన ఆయిలును ఏమి చేయాలని చాలామంది అడిగారు. తిరిగి ఇంజనులో పోయవద్దు. దానిలో నీరు, ఆమ్లాలు, మసి ఉంటాయి. మరొకటి, ఇది పాడి రైతులకు గట్టిగా చెబుతున్నాము. పిడుదులు పట్టాయని, గజ్జి లేచిందని, పుండు మీద ఈగలు వాలుతున్నాయని మన ఊళ్లలో మాడిన ఇంజను ఆయిలును గేదెలకు పూస్తారు. అది మానుకోండి. గేదె తన ఒళ్లు తాను నాకుతుంది, దూడను నాకుతుంది. చర్మం గుండా కూడా లోపలికి దిగుతుంది. అందులో లోహపు పొడి, క్యాన్సరు కలిగించగల పదార్థాలు ఉంటాయి. పిడుదులకు పశువైద్యుని అడిగి మందు వాడండి. ఈ ఆయిలును కాలువలో, బావి దరిన పారబోయవద్దు. ఒక మూత ఉన్న డబ్బాలో పోగుచేసి, ఆయిలు మార్చే షెడ్డు వారికి అప్పగించండి. ఆ పోగుచేసే డబ్బా పాల క్యాను కారాదు, పాల శాంపిలు సీసా అంతకన్నా కారాదు. మాకు ఒక సంఘంలో అదీ కనిపించింది.

కొత్త బండ్ల సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బి.ఎస్. 6 ప్రమాణాల బండ్లకు ఈ డబ్బా బిగించవద్దు. వాటిలో బ్రీదరు ఏర్పాటు కంపెనీ లెక్క ప్రకారం చేసినది. గొట్టం మారిస్తే సెన్సార్లు తప్పు చూపవచ్చు, గ్యారంటీ పోవచ్చు. ఆయిలు వేరు చేసే భాగం చాలా వాటిలో కంపెనీయే పెట్టి ఇచ్చింది. దాని ఫిల్టరును పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చితే చాలు. మేము చెబుతున్నదంతా ఇంకా మన రూట్లలో తిరుగుతున్న పాత టాటా 407లు, పాత ఐషర్లు, లేలాండ్ల గురించి.

చివరగా డబ్బు సంగతి. సంఘాల పాలు మోసే బండ్లలో చాలావరకు కిరాయివే. డబ్బా ఎవరు కొనాలి? బండి నాది కాబట్టి నేనే కొనాలా, వాసన మీ పాలకు కదా అని యజమానులు అంటున్నారు. ఇంజను బాగుండేది నీకే గదా అని సంఘాలు అంటున్నాయి. ఈ వాదనలో రెండేళ్లు గడిచాయి. మా అభిప్రాయం ఇది. డబ్బా, పైపుల ఖర్చు సగం సంఘాలు భరించాలి. బిగింపు, సంరక్షణ యజమాని చూసుకోవాలి. వారం వారం పుస్తకంలో కార్యదర్శి సంతకం ఉండాలి. సంతకం లేని నెలకు సంఘం వాటా ఇవ్వనక్కరలేదు. కిరాయి ఒప్పందం తిరగరాసేటప్పుడు ఈ షరతుతో పాటు, అరుగు దగ్గర క్యాన్లు ఎక్కించేటప్పుడు ఇంజను ఆపాలనే షరతు కూడా చేర్చాలి. కొండ ఎక్కి వచ్చిన టర్బో బండి అయితే ఒకటి రెండు నిమిషాలు నిదానంగా నడిపి ఆపాలి, మామూలు దారిలో వెంటనే ఆపవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు. సగం వాసన దీనితోనే పోతుంది. ఈ రెండింటి మీద ఈరోజు మధ్యాహ్నం తీర్మానం పెట్టవలసిందిగా అధ్యక్షులను కోరుతున్నాము. కంభం, బేస్తవారిపేట, రాచర్ల వైపు సంఘాల వారు అభ్యంతరాలు ఉంటే అప్పుడే చెప్పాలి, ఇంటికి పోయాక కాదు.

హాలు బయట వేపచెట్టు కింద రెండు బండ్లు బానెట్లు ఎత్తి నిలబెట్టాము. ఒకదానికి డబ్బా సరిగా బిగించి ఉంది. రెండోదానికి కావాలనే నాలుగు తప్పులు చేసి బిగించాము. టీ తాగి వచ్చి ఆ తప్పులేమిటో మీరే పట్టుకోండి. నీటి గొట్టం పరీక్ష కూడా అక్కడే చేసి చూపుతాము. చొక్కాలకు ఆయిలు అంటుతుంది, కొంచెం జాగ్రత్త.